మార్జిన్‌లో ఎర్రసిరా

పిల్లలు కాపీ కొడుతుంటే పట్టుకున్న టీచర్లు బడికి పదిమంది ఉంటారు. సాటి టీచర్ కాపీ కొట్టిస్తుంటే పట్టుకున్న ఘనత మాత్రం మన లెక్కల మాస్టారిదే.

ఆ రోజు ఏడో తరగతికి లెక్కల యూనిట్ టెస్టు. వరండాలో నడుస్తూ మాస్టారు ఏడు-బీ కిటికీ దగ్గర ఆగిపోయాడు. లోపల ఒకమ్మాయి మూడో బెంచీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక కుర్రాడి చెవిలో ఏదో చెబుతోంది. వాడు తలూపి రాసుకుంటున్నాడు. ఆమె మళ్లీ చెబుతోంది, వాడు మళ్లీ రాస్తున్నాడు. పైగా ఆమె మెడలో సరికొత్త స్టాఫ్ ఐడీ కార్డు కూడా వేలాడుతోంది.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. అతనికి ఇరవై తొమ్మిదేళ్లు. చొక్కా మడత నలగదు, రాత వంకర పోదు, చేతిలో అడుగు చెక్క స్కేలు లేకుండా క్లాసుకి వెళ్లడు. ఆ స్కేలుతో ఇంతవరకు ఎవరినీ కొట్టలేదు, గీతలు గీయడానికే అది. అయినా పిల్లలు చాటుగా స్కేలు సార్ అని పేరు పెట్టేశారు. ఒక పాఠం, ఒక వేగం, ఒక ప్రశ్నపత్రం. అందినవాడికి అందినంత అన్నది అతని సిద్ధాంతం.

"మేడం, ఇది ఎగ్జామ్," అన్నాడు లోపలికి వెళ్లి.

ఆమె తలెత్తి చూసింది. ఆ కళ్లలో తప్పు చేసిన జాడ ఏ కోశానా లేదు. "తెలుసండీ. అందుకే మెల్లగా చెప్తున్నా," అంది.

మాస్టారికి నోట మాట రాలేదు. మాట రాకపోతే అతనికి ఎప్పుడూ రాత వస్తుంది. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి ఒకటిన్నర పేజీ ఫిర్యాదు రాశాడు. ఆరు పాయింట్లు, ప్రతి పాయింటు కింద స్కేలు పెట్టి గీసిన గీత.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరినీ పిలిపించింది. బడిలో అందరూ ఆవిడను పెద్దమేడం అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసు, ముక్కు చివర కళ్లజోడు, నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. ఆవిడ ఫిర్యాదు పక్కన పెట్టి, ఒక సర్క్యులర్ మాస్టారి ముందుకు జరిపింది. మూడో బెంచీ కుర్రాడికి చదవడం కష్టం, అక్షరాలు వాడి కళ్లముందు తారుమారవుతాయి. కనక పరీక్షలో ఎవరైనా వాడికి ప్రశ్న చదివి వినిపించవచ్చు, జవాబు మాత్రం చెప్పకూడదు అని అందులో ఉంది. కింద స్టాఫ్ సంతకాలు. పై నుంచి మూడోది మాస్టారిదే.

"చదవకుండానే సంతకం పెట్టారా సార్?" అంది కొత్త టీచర్. మాస్టారు బొటనవేలితో తన సంతకం మూసేశాడు. "పర్లేదులెండి. రేపట్నించి సర్క్యులర్లు మీకు కూడా చదివి వినిపిస్తాను."

కళ్లజోడు తుడుచుకునే నెపంతో పెద్దమేడం నవ్వు దాచుకుంది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. ఏడు-బీలో నలభై ఇద్దరు పిల్లలు. అందులో పదకొండు మంది లెక్కల్లో బాగా వెనకబడ్డారు. వాళ్లను విడదీసి సీ సెక్షన్ పెట్టమని ఒక ప్రతిపాదన వచ్చింది. ఏ పిల్లకి ఏ దారిలో చెబితే తలకెక్కుతుందో చూడటం కొత్త టీచర్ పని, ఆమెను ఒక్క టర్మ్ కోసమే తీసుకున్నారు. రేపటి నుంచి లెక్కల పీరియడ్ ఇద్దరూ కలిసి చెప్పాలి. టర్మ్ పరీక్షలో పదకొండు మందీ పాసయితే సెక్షన్ ఒకటిగానే ఉంటుంది, ఆమె ఉద్యోగమూ ఉంటుంది. లేకపోతే సీ సెక్షన్ వస్తుంది, ఇక ఆమెతో పని ఉండదు.

మాస్టారు వెంటనే సరే అన్నాడు. ఎందుకంటే ఆ ప్రతిపాదన రాసింది అతనే. అది ఎవరిదో పెద్దమేడం చెప్పలేదు, అతనూ చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మొదటి రోజు పాఠం భిన్నాలు. మాస్టారు బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు భాగాలు చేసేసరికి, వెనక నుంచి పరపరమని చప్పుడు. తిరిగి చూస్తే క్లాసంతా కాగితాలు మడుస్తోంది. కొత్త టీచర్ తెచ్చిన రంగు కాగితపు ముక్కలు బెంచీల నిండా ఉన్నాయి. కొందరు మడుస్తున్నారు, కొందరు బొమ్మ వేస్తున్నారు, మూడో బెంచీ కుర్రాడు లేచి నిలబడి జవాబులు గడగడా చెప్పేస్తున్నాడు. వాడి పేరు రేడియో. కాగితం మీద పెడితే మూగ, నోరు తెరిస్తే వార్తలే.

"నోటితో చెప్తే మార్కులెలా వేస్తాం?" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి.

"చేత్తోనే సార్. పెన్ను పట్టుకుని," అంది ఆమె అదే గొంతుతో.

ముందు బెంచీలో ఎక్స్‌ప్రెస్ అనే పిల్ల ఉంది. అయిదు నిమిషాల్లో లెక్కలన్నీ ముగించి, మిగతా ముప్పై అయిదు నిమిషాలూ పక్కవాళ్ల జడలు బెంచీకి కట్టడం దాని దినచర్య. టీచర్ దానికి ఒక కాగితం ఇచ్చి, స్కేలు ముట్టుకోకుండా దీన్ని అయిదు సమాన భాగాలు చెయ్యమంది. ఆ పీరియడ్‌లో ఎక్స్‌ప్రెస్ నోరు పెగలలేదు. బెల్లు కొట్టినా లేవలేదు. వెనకబడ్డవాళ్ల సంగతి సరే, ముందున్నవాళ్లకి కూడా తన పాఠం సరిపోవడం లేదని మాస్టారికి మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని ఎవరికీ తెలియకుండా ఇంటికి పట్టుకెళ్లాడు.

అతను ఉండేది అక్కా బావల దగ్గర. అక్క మందుల షాపులో పని చేస్తుంది, బావ లిఫ్టులు బాగు చేస్తాడు. వాళ్లిద్దరికీ ఇంట్లో టీవీ అక్కర్లేదు, మాస్టారు చాలు.

కలిసి చెప్పేవాళ్లకి కలిపి ఒకే ప్లాన్ పుస్తకం. వచ్చే వారం పాఠానికి లక్ష్యం, సామగ్రి, కృత్యం, మూల్యాంకనం అని గడులు నింపి శనివారం పొద్దున పెద్దమేడం గదికి పంపాలి. ఆవిడ ఆకుపచ్చ సిరాతో సంతకం పెడుతుంది. సంతకమైన పేజీల వైపు మళ్లీ ఎవరూ చూడరు కాబట్టి, ఆ వారం గడిచాక మార్జిన్‌లో ఎర్రసిరాతో అభిప్రాయాలు రాసుకోవడం మొదలైంది. మొదలుపెట్టింది మాస్టారే. ఆమె పాఠం పక్కన, సమయపాలన లేదు, పదికి ఆరు అని రాశాడు. మర్నాటికి దాని కింద, సమయం సరిపోయింది, మీ మార్కులే సరిపోలేదు అని ఉంది. రెండో వారం ఆమె అతనికి ఎనిమిది వేసింది. బోర్డుతో కాక పిల్లలతో మాట్లాడి ఉంటే తొమ్మిది అని రాసింది. మిగిలిన ఒకటి సంగతేమిటని అతను రాశాడు. నవ్వితే, అని ఆమె రాసింది.

ఆ పేజీ ఇంట్లో తెరిచి కూర్చున్నప్పుడు అక్క చూసింది.

"ఒరేయ్, లెక్కల పుస్తకం చూసి నవ్వేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"అది లెక్కల పుస్తకం కాదే, లెక్క తప్పిన పుస్తకం," అన్నాడు బావ స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ.

మాస్టారు గంభీరంగా మొహం పెట్టి, అది వృత్తికి సంబంధించిన పత్రమని చెప్పాడు. వాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు.

నాలుగో వారంలో చివరి బెంచీ పిల్ల సంగతి బయటపడింది. ఆ పిల్ల పక్కదాని పుస్తకంలోకి తొంగి చూసి రాసుకోవడం మాస్టారు గమనించాడు. నెల కిందటి మాస్టారైతే ఆరు పాయింట్లు రాసేవాడు. ఈసారి మాత్రం దగ్గరికి వెళ్లి, బోర్డు మీద ఏముందో చదవమన్నాడు. ఆ పిల్ల తలొంచుకుని, గీతలున్నాయి సార్ అంది. అక్షరాలు కనబడటం లేదు. చీమల్లాంటి అతని ముత్యాల అక్షరాలు ఏడాదిగా ఆ పిల్లకి ఒట్టి గీతలే. ఆ పదకొండు మందిలో ఆ పిల్ల పేరు తనే రాశాడు.

ఆ సాయంత్రమే వాళ్ల నాన్నతో మాట్లాడాడు. వారం తిరక్కుండా పిల్లకి కళ్లజోడు వచ్చింది. మాస్టారు బోర్డు మీద బెత్తెడు అక్షరాలు రాయడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు మీ అక్షరాలు గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా కనబడుతున్నాయి సార్," అంది టీచర్. "పాపం, ఈ టర్మ్ అయ్యేసరికి ఆయనకి కూడా భిన్నాలు వచ్చేస్తాయి."

అంతలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు బడి వదిలాక ఇద్దరూ పోర్టికోలో చిక్కుకుపోయారు. ఆమె చేతుల్లో దిద్దాల్సిన పేపర్ల కట్ట, అతని చేతిలో గొడుగు. బస్ స్టాప్ దాకా దింపుతానని అతను అన్నాడు. దింపాడు కూడా. కాకపోతే దారి పొడుగునా గొడుగు కట్ట మీదే పట్టాడు. బస్ స్టాప్ చేరేసరికి పేపర్లు పొడిగా ఉన్నాయి, టీచర్లిద్దరూ తడిసి ముద్దయ్యారు. తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి మాస్టారు తన బస్సు నంబరు మరిచిపోయాడు. ఎదురుగా వచ్చిందేదో ఎక్కి, మూడు కిలోమీటర్లు తప్పుదారిలో పోయి నడుచుకుంటూ ఇంటికి చేరాడు. ఇష్టం అంటే ఇదేనని ఆ నడకలో అతనికి అర్థమైంది. ఎంత ఇష్టమంటే, బూట్లలో నీళ్లు కూడా హాయిగానే అనిపించాయి.

దాంతోపాటు ఇంకోటి కూడా అర్థమైంది. పిల్లల్లో ఒక్కడు తప్పినా ఆమె వెళ్లిపోతుంది. వెళ్లిపోయేలా చేసిన కాగితం తన చేత్తో రాసిందే. చెబితే ఆమె మొహం చూపించదు, చెప్పకపోతే తను ఆమె మొహం చూడలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వారాలు గడిపేశాడు.

ఈలోగా ఆమెకే తెలిసింది. టర్మ్ రిపోర్టు రాయడానికి ఆమె పెద్దమేడం దగ్గర ఫైలు తెచ్చుకుంటే అందులో ఆ ప్రతిపాదన ఉత్తరం కనబడింది. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేని సమయం చూసి తెచ్చి అతని ముందు పెట్టింది. పదకొండు పేర్లు, వాటి కింద స్కేలుతో గీత, ఆ గీత కింద ఒక వాక్యం: వీరి వల్ల మిగతా ముప్పై ఒక్క మంది వేగం తగ్గుతోంది.

"ఈ చేతిరాత నేను చీకట్లో కూడా గుర్తుపడతాను," అంది.

అతను లేచి నిలబడ్డాడు.

"నా ఉద్యోగం పోతుందని కాదు సార్. అప్పటికి నేనెవరో మీకు తెలీదు, మీకు తోచింది రాశారు. కానీ ఇన్నాళ్లు రోజూ నా పక్కనే నిలబడి, ఒక్కసారైనా చెప్పలేదు. అదీ నా బాధ."

ఆ రోజు నుంచి మార్జిన్‌లో మార్కులు ఆగిపోయాయి. చూశాను, అని ఒక్క మాట, కింద పొడి అక్షరాలతో ఆమె సంతకం. క్లాసులో పాఠం మామూలుగానే నడిచింది. పిల్లలకి మాత్రం ఏదో తేడా కొట్టింది. రేడియో ఏకంగా, టీచర్ మీద కోపమా సార్ అని అడిగేశాడు. కాదురా, టీచర్‌కే నా మీద అని అతను నిజం చెప్పేశాడు. అయితే సారీ చెప్పండి సార్, మేం చెప్తాం కదా అన్నాడు వాడు.

ఇంట్లో అక్క కూడా ఊరుకోలేదు. "మొహం చూసి కనిపెట్టమంటే ఎవరికి కనబడుతుందిరా? నీ మొహం ఎప్పుడూ ఒకలాగే ఏడుస్తుంది. నోరు తెరువు," అంది.

టర్మ్ పరీక్షలయ్యాయి. పాస్ మార్కు ముప్పై అయిదు. పదకొండు మందిలో ఎనిమిది మంది పాసయ్యారు. చివరి బెంచీ పిల్లకి డెబ్బై ఒకటి, రేడియోకి యాభై నాలుగు. ముగ్గురు మాత్రం తప్పారు.

పెద్దమేడం గదిలో పేపర్లు బల్ల మీద ఉన్నాయి. షరతు ప్రకారం పదకొండు మందీ పాసవ్వాలి. టీచర్ మెడలోని ఐడీ కార్డు తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టింది.

"మీరు అడిగినట్టే అయింది కదా మాస్టారూ. సీ సెక్షన్‌కి గది చూద్దామా?" అంది పెద్దమేడం.

"వద్దు మేడం. ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు మాస్టారు.

కారణం చెప్పమంది ఆవిడ. రాసిస్తానన్నాడు. ఇప్పుడే చెప్పమంది. అతను మొదలుపెడితే ఇక ఆపేవాళ్లు లేకపోయారు. తప్పిన ముగ్గురిలో మొదటివాడికి పోయినసారి పదకొండు మార్కులు, ఇప్పుడు ముప్పై ఒకటి. రెండో పిల్లకి లెక్కల పీరియడ్ వచ్చినప్పుడల్లా కడుపునొప్పి వచ్చేది, ఆరు వారాలుగా ఆ నొప్పి ఒక్క రోజు కూడా రాలేదు. మూడోవాడు కాగితం మీద మూడో వంతు అంటే తెల్లమొహం వేస్తాడు. కానీ ఆటస్థలాన్ని మూడు జట్లకి అడుగులతో కొలిచి పంచేది వాడే, అడుగు తేడా రాదు. తను వెంటపడి మరీ టేపుతో కొలిచి చూశాడు.

"వాళ్లకి రాలేదంటే వాళ్లకి రాదని కాదు మేడం. మాకు ఇంకా దారి దొరకలేదని. అది రాసినప్పుడు నాకు వాళ్ల పేర్లు మాత్రమే తెలుసు. ఇప్పుడు వాళ్లు తెలుసు." అతను టీచర్ వైపు తిరిగాడు. "ఈవిడకి నేను ముందే చెప్పాల్సింది. పరువు పోతుందని చెప్పలేదు. నాది తప్పు."

పెద్దమేడం ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. "ప్రతిపాదనే లేకపోతే ఇక షరతు ఎక్కడిది?" అంటూ ఐడీ కార్డు టీచర్ వైపు జరిపింది. "ఆ ముగ్గురికీ దారి వెతకడానికి ఒక ఏడాది చాలా?"

చాలు అంది టీచర్. కార్డు మళ్లీ మెడలో వేసుకుంది.

వరండాలోకి వచ్చాక ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. మీరు ఇంతసేపు మాట్లాడగలరని నాకు తెలీదు అని మాత్రం అని వెళ్లిపోయింది. అసలు మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ మాస్టారి దగ్గరున్న మాటలన్నీ ఆ గదిలోనే ఖర్చయిపోయాయి.

అందుకని శుక్రవారం సాయంత్రం ప్లాన్ పుస్తకం తెరిచాడు. వచ్చే వారం సెలవులు, పాఠం లేదు. పాఠం లేకపోతే సంతకం ఉండదు, కనక పెద్దమేడం చూడదు. ఈ లెక్క మూడుసార్లు సరిచూసుకుని ఖాళీ పేజీలో రాశాడు.

లక్ష్యం: మీరంటే నాకు ఇష్టమని చెప్పడం.

సామగ్రి: ధైర్యం. ప్రస్తుతం అందుబాటులో లేదు.

కృత్యం గడిలో ఏం రాయాలో తోచక వదిలేశాడు. మూల్యాంకనం దగ్గర, మార్కులు మీ దయ అని రాసి, పుస్తకం ఆమె టేబుల్ మీద పెట్టి, వెనక్కి చూడకుండా బస్ స్టాప్ దాకా పరిగెత్తాడు.

శనివారం పొద్దున ఆ టేబుల్ మీద పుస్తకం లేదు. పెద్దమేడం గదిలోంచి పిలుపు వచ్చింది. వెళ్తే ఆవిడ ఫైలులోంచి తల ఎత్తకుండా పుస్తకం చేతికిచ్చింది. పేజీ కింద ఆకుపచ్చ సిరా: లక్ష్యం స్పష్టంగా ఉంది. కృత్యం ఖాళీగా వదలరాదు. సోమవారంలోగా పూర్తి చేయాలి. కింద సంతకం, తేదీ.

మాస్టారు ఆ పుస్తకంతో ఏడు-బీకి ఎలా నడిచాడో అతనికే తెలియదు. టీచర్ ఒక్కతే కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తోంది.

"దీన్ని మీరే ఇచ్చారా ఆవిడకి?"

"శనివారం కదా సార్. సంతకం కాకుండా నేను ఏ పాఠానికీ ఒప్పుకోను," అంది కత్తెర ఆపకుండా.

"చదివారా?"

"రెండుసార్లు."

"మరి?"

"చదివాను సరే. ఇంకా వినలేదు."

"రాస్తే సరిపోదా?" అన్నాడు మాస్టారు ప్రాధేయపడుతూ. "ఎవరికి వీలైనట్టు వాళ్లు చెప్పొచ్చని మీరే కదా అంటారు."

"అది పిల్లలకి. పెళ్లికొడుకులకి కాదు."

ఆ మాట విన్నాక సామగ్రి కొరత తీరిపోయింది. అతను బెంచీల మధ్య నిలబడి, తడబడుతూనే, మీరంటే నాకు చాలా ఇష్టం అన్నాడు. ఆ వాక్యం చిన్నదే గానీ చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె కత్తెర కింద పెట్టింది.

"నాకూ అంతే," అంది నెమ్మదిగా. "ఆ పిల్ల కళ్లజోడు పెట్టుకుని వచ్చి బోర్డు మీది లెక్క మొత్తం చదివింది చూడండి. మీరు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఎవరూ చూడలేదనుకున్నారు. నేను చూశాను. ఆ రోజు నుంచి."

ఈసారి మాటలు అక్కర్లేదని మాస్టారికి తెలిసింది. ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని, పుస్తకం తెరిచి, కృత్యం గడి నింపి ఆమె ముందుకు జరిపాడు. ఆదివారం సాయంత్రం అక్కా బావలతో కలిసి మీ ఇంటికి రావడం, మీ అమ్మగారితో మాట్లాడటం, అని ఉంది అందులో.

ఆమె చదివింది. ఎర్ర పెన్ను తీసి మార్జిన్‌లో పదికి పది వేసింది.

"నాలుగున్నరకల్లా వచ్చేయండి," అంది. "మా అమ్మ నిన్న సాయంత్రం నుంచే ఎదురుచూస్తోంది."